తుపాకీ లోపలి సంతకాలు



ఇవాళ ఒక స్క్రూతో మొదలుపెడదాం. మన ఇంట్లో తలుపు బందులకు బిగించిన స్క్రూలు ఒకసారి చూడండి. ఒకదాని గాడి అటు తిరిగి ఉంటుంది, ఇంకోదాని గాడి ఇటు తిరిగి ఉంటుంది. గట్టిగా బిగిసిందా లేదా అన్నదే మనకు కావాలి. గాడి ఎటు తిరిగి ఆగిందో ఎవరికి పట్టింది? లండన్‌లో చేతితో చేసిన మేలురకం వేట తుపాకీని తిరగేసి చూస్తే మాత్రం అడుగున ఉన్న స్క్రూల గాడులన్నీ గొట్టం పొడవుకు సరిగ్గా తీగ లాగినట్టు ఒకే వరసలో కనిపిస్తాయి. పనివాడు ముందు స్క్రూ తలను కావలసినదానికన్నా కాస్త పెద్దదిగా చేస్తాడు. దాన్ని దాని రంధ్రంలో ఇక తిరగదు అన్నంతవరకూ బిగించి, గాడి ఎటు రావాలో గుర్తు పెట్టుకుంటాడు. విప్పి, ఆ గుర్తు ప్రకారం గాడి కోసి, ఎక్కువగా ఉన్న తలను ఆకురాయితో రాసేస్తాడు. ఆ తర్వాత నగిషీ చెక్కేవాడు వచ్చి, పక్కన చెక్కిన పువ్వు రేకును స్క్రూ తల మీదికి కూడా పాకిస్తాడు. ఇక ఆ స్క్రూ ఆ ఒక్క రంధ్రానికి తప్ప మరి దేనికీ పనికిరాదు.

ఇది పనితనమా, చాదస్తమా అని మీరు అడగవచ్చు. నా లెక్కలో రెండూ.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వేటను మెచ్చుకోవడానికి ఇక్కడ కూర్చోలేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ సరదాకు తెర పడింది, పడటమే మంచిదయింది. నేను మాట్లాడబోయేది కాల్చినవాళ్ళ గురించి కాదు, ఆకురాయి పట్టుకున్నవాళ్ళ గురించి.

ఇంగ్లండులో పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి జమీందార్ల వేట తీరు మారిపోయింది. అంతకుముందు కుక్కను వెంటబెట్టుకుని పొదలన్నీ తొక్కుతూ, లేచిన పిట్టను లేచినట్టు కాల్చేవారు. తర్వాత వేటగాళ్ళు వరసగా నిలబడి ఉంటే, ఊళ్ళో కూలీలు కర్రలతో పొదలు కొడుతూ ఫెసెంట్లనూ కౌజులనూ వాళ్ళ తలల మీదుగా తోలడం మొదలైంది. పిట్టలు గుంపులుగా, వేగంగా, ఎత్తున వస్తాయి. ఒక తుపాకీ చాలదు. అచ్చుగుద్దినట్టుండే రెండు తుపాకులు కావాలి. ఒకదాని మీద బంగారంతో 1 అని, ఇంకోదాని మీద 2 అని పొదుగుతారు. దొర ఒకటి కాలుస్తుంటే, వెనక నిలబడ్డ నౌకరు రెండోదాన్ని నింపి అందిస్తాడు. రెండూ బరువులో, పట్టులో, ట్రిగ్గర్ కదలికలో ఏ తేడా లేకుండా ఉండాలి. తేడా ఉంటే చెయ్యి తడబడుతుంది. రోజంతా ఎత్తి దించాల్సినవి కాబట్టి తేలికగానూ ఉండాలి. 12 బోరు తుపాకీ ఆరున్నర పౌన్లు, అంటే మూడు కిలోల లోపే తూగుతుంది. 12 బోరు అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి వెడల్పు అంత. ఇప్పటి కొలతలో సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు.

ఈ పనికి బడి లాంటి దుకాణం ఒకటుండేది. అది జోసెఫ్ మాంటన్ దుకాణం. జేమ్స్ పర్డీ అక్కడ పనిచేసినవాడే. థామస్ బాస్ అక్కడ పనిచేసినవాడే. గొట్టాలు చేసిన చార్లెస్ లాంకాస్టర్ కూడా మాంటన్ కోసమే చేశాడు. పర్డీ 1814లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. 1826లో మాంటన్ దివాలా తీశాడు. అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మాంటన్ ఖాళీ చేసిన దుకాణంలోకే పర్డీ చేరాడు. గురువు బోర్డు దిగి శిష్యుడి బోర్డు ఎక్కింది. అలా ఎక్కిన పేరు ఇప్పటికీ దిగలేదు.

పేరు ఒకరిదే, పని మాత్రం ఒకరిది కాదు. గొట్టం చేసేవాడు వేరు, తాళం లాంటి కాల్పు యంత్రాన్ని, అంటే లాక్‌ను, చేసేవాడు వేరు, గొట్టాలు వచ్చి కూర్చునే ఉక్కు దిమ్మను చేసేవాడు వేరు. ఆ దిమ్మను యాక్షన్ అంటారు. కర్ర పని చేసేవాడు, నగిషీ చెక్కేవాడు, చివరి మెరుగు పెట్టేవాడు ఎవరికి వారే. బర్మింగ్‌హామ్‌లో సెయింట్ మేరీ చర్చి చుట్టూ ఉన్న వీధులు, లవ్‌డే స్ట్రీట్, ప్రైస్ స్ట్రీట్, వీమన్ స్ట్రీట్ ఒకప్పుడు మొత్తం ఈ పనివాళ్ళవే. సగం తయారైన తుపాకీ ఒక ఇంటి మెట్లు దిగి ఇంకో ఇంటి మెట్లు ఎక్కేది. మంచి లాక్‌లు కావాలంటే పక్కనున్న వుల్వర్‌హాంప్టన్‌కు కబురు వెళ్ళేది. అక్కడ జోసెఫ్ బ్రేజియర్ పేరు చెబితే లండన్ పెద్ద దుకాణాలవాళ్ళు కూడా తల ఊపేవారు. అన్నీ అయ్యాక, ఎక్కడో ఒక పట్నంలో అమ్మే దుకాణదారు తన పేరు గొట్టం మీద చెక్కించుకునేవాడు. కొన్నవాడికి కనిపించేది ఆ పేరే.

చేసినవాళ్ళ ఆనవాళ్ళు లేకపోలేదు. గొట్టాలు ఊడదీసి వెనక్కి తిప్పితే, అడుగున చదునుగా ఉన్న చోట చిన్న చిన్న పొడి అక్షరాలు అచ్చు గుద్ది ఉంటాయి. కొన్ని గొట్టం చేసినవాడివి, కొన్ని యాక్షన్ చేసినవాడివి. ఏదైనా తేడా వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి మొదలైన అలవాటు అది. నాకు మాత్రం దాన్ని సంతకం అనాలనిపిస్తుంది.

ఇక గొట్టం దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే అసలు విద్య అక్కడ ఉంది.

పందొమ్మిదో శతాబ్దంలో చాలావరకు గొట్టాలు ఇనుమూ ఉక్కూ సన్నపు కడ్డీలను కలిపి మెలిపెట్టి, ఆ మెలికల పట్టీని ఒక కడ్డీ చుట్టూ చుట్టి, ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టి అతికి చేసేవారు. మెరుగు పెట్టాక గొట్టం మీద వలయాలు, సుడులు తేలేవి. వీటిని డమాస్కస్ గొట్టాలు అన్నారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కత్తుల మీద కూడా ఇలాంటి అలలు కనిపిస్తాయి కాబట్టి, రెండూ ఒకటే అనుకునేవాళ్ళున్నారు. కాదు. కోనసముద్రం ఉక్కులో ఆ గీతలు లోహం కరిగి చల్లారేటప్పుడు లోపలినుంచే పుట్టినవి. తుపాకీ గొట్టం మీదివి కమ్మరి మెలిపెట్టినవి. అందంలో దేనికదే. తర్వాత జోసెఫ్ విట్‌వర్త్ కరిగిన ఉక్కును ఒత్తిడితో గట్టిపరిచే పద్ధతి తెచ్చాక, మెలికల గొట్టాల కాలం మెల్లగా చెల్లింది.

ఉక్కు గొట్టం రంధ్రం లోపల తిన్నగా ఉందో లేదో ఎలా చూస్తారు? గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని ఒక కంటితో లోపలికి చూస్తారు. వెలుగు పడి లోపల నీడల వలయాలు ఏర్పడతాయి. గొట్టం తిన్నగా ఉంటే ఆ వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా కూర్చుంటాయి. ఎక్కడైనా వంకర ఉంటే అక్కడ వలయం ఒకపక్కకు జారుతుంది. పనివాడు ఆ చోటు పట్టుకుని, మెత్తటి సుత్తితో చిన్న దెబ్బ వేసి, మళ్ళీ కిటికీ వైపు ఎత్తుతాడు. ఈ చూపు పుస్తకం చదివితే రాదు. ఏళ్ళ తరబడి కిటికీ ముందు నిలబడాల్సిందే.

తర్వాత రెండు గొట్టాలను జత చెయ్యాలి. ఇక్కడో చిక్కుంది. మందు పేలే వెనక భాగంలో గొట్టాల గోడలు మందంగా ఉండాలి కాబట్టి రంధ్రాలు దూరంగా ఉంటాయి. ముందు కొసల్లో పలచన కాబట్టి దగ్గరగా వస్తాయి. అంటే రెండు గొట్టాలూ పక్కపక్కనే ఉన్నా, కొద్దికొద్దిగా ఒకదానివైపు ఒకటి మొగ్గి ఉంటాయి. ఆ మొగ్గు ఎంత ఉంటే కుడి గొట్టం గుళ్ళూ ఎడమ గొట్టం గుళ్ళూ ఒకే చోట పడతాయో, అంతే ఉండాలి. జత చేశాక పైనా కిందా పొడవాటి పట్టీలు పెట్టి టంకం వేస్తారు. పూర్తయిన జతను కొక్కేనికి వేలాడదీసి వేలితో తడితే ఖంగుమని మోగాలి. మొద్దుగా, చచ్చుగా మోగితే టంకం ఎక్కడో పట్టలేదన్నమాట. పక్కపక్కనే రెండు గొట్టాలుండే రైఫిళ్ళకైతే ఇది మరీ కఠినం. కాల్చి చూసి, టంకం కరిగించి, కొసల మధ్య ఉన్న చీల జరిపి, మళ్ళీ టంకం వేసి మళ్ళీ కాల్చాలి. రెండు గుళ్ళూ ఒక్కచోట పడేదాకా ఇదే పని. పెద్దపులి మీదికి వెళ్ళేవాడికి రెండో గుండు ఎక్కడికి పోతుందో తెలియకపోతే ఎలా?

మరో విషయం, గొట్టం ముందు కొసన రంధ్రాన్ని కాస్త ఇరుకు చేస్తారు. దాన్ని చోక్ అంటారు. గట్టిగా ఇరుకు చేసినా మొత్తం మీద తేడా సుమారు ఒక మిల్లీమీటరే. కానీ ఆ ఒక్క మిల్లీమీటరుతో, నలభై గజాల దూరంలో ముప్ఫై అంగుళాల వృత్తంలో పడే గుళ్ళు నూటికి నలభై ఉన్నవి డెబ్భై అవుతాయి. ఇంగ్లండులో 1866లో దీనికి పేటెంటు తీసుకున్నది న్యూకాసిల్‌కు చెందిన పేప్, పట్టుబట్టి లోకానికి చూపించింది బర్మింగ్‌హామ్‌కు చెందిన గ్రీనర్. 1875లో ద ఫీల్డ్ పత్రిక లండన్‌లో పోటీ పెట్టినప్పుడు గ్రీనర్ తుపాకులు నెగ్గాయి. అప్పటిదాకా నవ్వినవాళ్ళు ఆ మరుసటి సీజన్‌కల్లా తమ తుపాకులకూ చోక్ వేయించుకున్నారు.

ఇన్ని నెలల పనీ ఒకరోజు తుపాకీని పరీక్షించే ప్రూఫ్ హౌస్ గదిలో పందెంలో పడుతుంది. లండన్ తుపాకీ పనివాళ్ళ సంఘానికి రాజుగారి సనదు 1637లో వచ్చింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 పార్లమెంటు చట్టంతో ఏర్పడింది, బాన్‌బరీ స్ట్రీట్‌లోని ఆ భవనం ఇంకా పనిచేస్తోంది. అక్కడ మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే మందుతో తుపాకీని పేలుస్తారు. తట్టుకుంటే ముద్ర వేస్తారు. గొట్టం ఉబ్బితే చేసినవాడు మళ్ళీ మొదటినుంచి. అందుకే నగిషీ, మెరుగు, రంగు ఏవీ వేయకముందే తుపాకీ ఆ పరీక్షకు వెళ్తుంది. ముద్ర లేని తుపాకీ అమ్మితే అక్కడ నేరం.

ఇప్పుడు యాక్షన్. ఉక్కు మీద ఉక్కు గాలి కూడా చొరబడనట్టు కూర్చోవాలి. కొలబద్ద ఇక్కడ పనికిరాదు. బల్ల మీద ఒత్తి పెంచిన చిన్న దీపం పొగలు కక్కుతూ ఉంటుంది. గొట్టాల అడుగు భాగాన్ని ఆ పొగకు చూపిస్తే పలచగా మసి పట్టుకుంటుంది. దాన్ని యాక్షన్‌లో మూసి తెరుస్తారు. ఎక్కడ తగిలిందో అక్కడ మసి అంటుకుంటుంది. అంటుకున్న ఆ చుక్కనే ఆకురాయితో ఒక్క రాపు రాస్తారు. మళ్ళీ మసి, మళ్ళీ మూత, మళ్ళీ రాపు. పళ్ళ డాక్టరు కొత్త పన్ను కట్టాక రంగు కాగితం కొరికించి, అంటిన చోటే అరగదీస్తాడే, అచ్చం అదే పని. తేడా ఏమిటంటే డాక్టరు పావుగంటలో తేల్చేస్తాడు, ఇతను వారాల తరబడి కొరికిస్తూనే ఉంటాడు. చివరికి ఒక చోటు కాదు, అన్ని చోట్లా ఒకేసారి నల్లబడాలి. అప్పటికి గానీ ఆకురాయి దించడు. ఒక్క రాపు ఎక్కువైతే పోయిన ఉక్కు తిరిగి రాదు.

ఈ పనివాళ్ళలో ఒకరి పేరు మాత్రం గట్టిగా చెప్పుకోవాలి. ఫ్రెడరిక్ బీస్లీ. పర్డీ దగ్గర పనిచేసి బయటికి వచ్చినవాడు. 1880లో ఒక కొత్త యాక్షన్‌కు పేటెంటు తీసుకున్నాడు. తుపాకీ కాల్చాక లోపలి స్ప్రింగులో ఇంకా కొంత బలం మిగిలి ఉంటుంది. ఆ మిగిలిన బలంతోనే తుపాకీ దానంతట అదే తెరుచుకునేట్టు చేశాడు. తుపాకీ మూసేటప్పుడు మనిషి చేతి బలంతో స్ప్రింగు మళ్ళీ సిద్ధమవుతుంది. పిట్టలు తల మీదుగా దూసుకొస్తుంటే, గబగబా తెరిచి నింపాల్సినవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? బీస్లీ ఆ హక్కును పర్డీకి అమ్మేశాడు. నూట నలభై ఏళ్ళు దాటినా పర్డీ జోడు గొట్టాల తుపాకీలో లోపల ఉన్నది ఆ యాక్షనే. పైన చెక్కిన పేరు మాత్రం ఎవరిదో మీకు తెలుసు. దీన్ని అన్యాయం అంటే తొందరపాటు అవుతుంది, అతను అమ్ముకున్నాడు, వీళ్ళు కొన్నారు. అయినా ఆ తుపాకీ గొప్పతనం చెప్పేటప్పుడు బీస్లీ పేరు ఎత్తకుండా దాటిపోయేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

కర్ర పనికి వద్దాం. టర్కీ ప్రాంతపు అక్రోటు చెక్క శ్రేష్ఠం. కోసిన చెక్కను ఏళ్ళ తరబడి ఆరబెడతారు. మడమ దగ్గర, అంటే భుజానికి ఆనే వెనక భాగంలో, నలుపూ తేనె రంగూ కలిసి పొగలా తిరిగే గీతలుండాలి. కానీ చెయ్యి పట్టుకునే సన్నటి చోట మాత్రం చారలు తిన్నగా సాగాలి, లేదంటే ఆ చోటే విరుగుతుంది. ఒకే చెక్కలో ఈ రెండూ దొరకడం అదృష్టం. యాక్షన్‌ను ఆ చెక్కలో దించడానికి ఉలి పట్టుకుంటారు. ఇక్కడా ఉక్కుకు రంగు పూసి, చెక్కలో అంటిన చోటే చెక్కడం. జిగురుతో సర్దుకునే వీలు లేదు. సందు మిగిలితే తుపాకీ పేలినప్పుడల్లా కర్ర కొద్దికొద్దిగా చిట్లుతూ పోతుంది.

ఇదంతా ఒక మనిషి ఒంటికి సరిపోయేట్టు చేస్తారు. ఇలాంటి తుపాకీకి ముందు కొసన చిన్న పూస ఉంటుంది గానీ, వెనకవైపు గురి చూసే ఏర్పాటేదీ ఉండదు. కాల్చేవాడి కన్నే వెనక గురి. కాబట్టి భుజానికి ఆనించి చెంప ఆనించగానే కన్ను సరిగ్గా గొట్టాల మధ్య గీత మీదికి రావాలి, వెతుక్కోకూడదు. చెయ్యి పొడవు, మెడ పొడవు, చెంప ఎముక, భుజం వెడల్పు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. కొనేవాడి చేతికి ముందు కీళ్ళున్న ఒక నమూనా తుపాకీ ఇచ్చి, మడమను పొడిగిస్తూ, దించుతూ, పక్కకు వంచుతూ కాల్పించి చూస్తారు. కుడిచేతివాడికి మడమ కాస్త కుడివైపుకు మొగ్గుతుంది. ఆ కొలతలు పుస్తకంలో రాసుకుని కర్ర కోస్తారు. తర్వాత చేతి పట్టు జారకుండా సన్నటి అడ్డగీతలు చెక్కి, అవిసె నూనె పట్టిస్తారు. ఎర్రటి చాయ రావడానికి ఆల్కనెట్ అనే మొక్క వేరు నూనెలో నానబెడతారు. మన వంటవాళ్ళు రోగన్‌జోష్‌కు ఎరుపు కోసం వేసే రతన్‌జోత్‌కు అది దగ్గరి చుట్టం. చేత్తో రుద్దడం, ఆరనివ్వడం, మళ్ళీ రుద్దడం, ఇలా వారాలు గడుస్తాయి. వార్నిష్ జోలికి పోరు.

నగిషీ గురించి అందరూ చెబుతారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. గులాబీలు, తీగలు, చాలా సున్నితం. ఈ రోజుల్లో నగిషీ కళాకారులు బయటే సంతకం చేస్తున్నారు, ఇటలీలోని గార్డోనే వాల్ ట్రాంపియావాళ్ళయితే మరీనూ. కంటికి కనిపించేదానికి సంతకం బయట, కనిపించనిదానికి లోపల. నగిషీ అయ్యాక యాక్షన్‌ను ఎముకల బొగ్గులో పాతిపెట్టి ఎర్రగా కాల్చి నీళ్ళలో పడేస్తారు. పైపొర మాత్రమే గట్టిపడుతుంది, దాంతోపాటు నీలం, గోధుమ, ఊదా రంగుల మబ్బులు తేలతాయి. ఒక్కోసారి ఆ క్షణంలో ఉక్కు కొద్దిగా మెలి తిరుగుతుంది. వారాల మసిపని వెనక్కి పోతుంది. అప్పుడు యాక్షన్ పనివాడు ఏమంటాడో ఆకాశవాణిలో చెప్పదగినది కాదు.

మనవైపు ఇలాంటి తుపాకులు రాలేదా అంటే, రాకేం? లండన్ దుకాణాలకు మన దేశపు రాజులూ నవాబులూ మంచి గిరాకీ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులివేట అంటే ప్రాణం, ఆయన వేట శిబిరాలను రాజా దీన్‌దయాళ్ కెమెరా పట్టుకుంది. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో పాత తుపాకుల ముందు చాలామందే ఆగుతారు. అద్దం అవతల ఉన్నదాని పైనగిషీ చూసి రావడమే గానీ లోపలి పొడి అక్షరాలు చూసే వీలు లేదు.

అయితే చేతిపని తుపాకీ లేకపోతే గురి కుదరదా? అదేం కాదు. తిరుపతి దగ్గర మామండూరు అడవుల్లో తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ భుజాన ఉండేది అమెరికా ఫ్యాక్టరీలో యంత్రాలు చేసిన వించెస్టర్. ఇంకో వేటగాడు జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ నరభక్షక పులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నరు హ్యూయెట్ బహుమతిగా ఇచ్చిన రైఫిల్ లండన్ రిగ్బీ దుకాణానిదే, వెండి రేకు మీద ఆ సంగతి చెక్కి ఉంటుంది. కానీ దాని యాక్షన్ జర్మనీలోని మౌజర్ ఫ్యాక్టరీది. గురి వరకే అయితే యంత్రం చాలు. ఇప్పుడు లండన్ దుకాణాలు కూడా ముతక పనంతా కంప్యూటర్ నడిపే యంత్రాలతోనే చేస్తున్నాయి. మిగిలిన ఆ చివరి వెంట్రుకవాసి మాత్రం ఆకురాయిదే. ధర లక్ష పౌండ్లు దాటింది. కొనాలనుకున్నా ఏడాది, రెండేళ్ళు ఆగాలి. యజమానులు మారుతున్నారు. పర్డీ 1994 నుంచి రిష్‌మాంట్ కంపెనీ చేతిలో ఉంది. మరో లండన్ దుకాణం హాలండ్ అండ్ హాలండ్‌ను 1989లో షానెల్ కొంది, 2021లో ఇటలీకి చెందిన బెరెట్టా తీసుకుంది. బోర్డు మీది పేరు మాత్రం ఎవరూ ముట్టుకోరు, కొన్నది దాన్నే కదా.

ఇలాంటి తుపాకీ వందేళ్ళ తర్వాత మనవడి చేతికొచ్చినప్పుడు, తాతగారి కొలతలు అతనికి సరిపోవు. పారేయరు. దుకాణానికి తెస్తే, చెయ్యి పట్టుకునే సన్నటి చోట గుడ్డ చుట్టి, వేడి నూనె పోస్తూ, బిగింపులో పెట్టి కర్రను మెల్లగా వంచుతారు. కొన్ని మిల్లీమీటర్లు వంగితే చాలు. పొడవు చాలకపోతే మడమ చివర అదే చారలున్న అక్రోటు ముక్క వెతికి అతుకుతారు. విప్పిన గొట్టాల్ని తిరగేసి, అడుగున ఎవరి అక్షరాలున్నాయో చూసి, తర్వాతే ఆకురాయి అందుకుంటారు. గొట్టం గోడ ఇప్పటికే ఎంత పలచబడిందో కొలిచి, ఇక ఏమాత్రం రాసినా ప్రూఫ్‌కు మళ్ళీ వెళ్ళాల్సిందేనని ముందే చెబుతారు.